ఆనకట్ట దాకా మా బడి దౌరా

ఈ కాలపు టీచర్లు పిల్లల్ని బస్సెక్కించి పాల ఫ్యాక్టరీకో బ్యాంకుకో టీవీ స్టేషనుకో తీసుకెళ్లడం చూస్తే నాకు సంతోషమూ వేస్తుంది, కడుపుమంటా పుడుతుంది. పిల్లలందరికీ ఒకే రంగు టోపీలు. వెళ్లిన చోట బిస్కెట్లు. ఎవరో ఒక మేనేజరు వచ్చి "మీరు పెద్దయ్యాక ఏమవుతారు?" అని అడుగుతాడు. పిల్లలు బస్సులో వల్లె వేసిన జవాబు అప్పజెబుతారు. సాయంత్రానికి అందరూ ఇళ్లు చేరతారు. మరునాడు స్టాఫ్ రూములో మీరు నడుం పట్టుకుని "అబ్బ, ఎంత అలసటో" అంటారు.

అలసటంటే ఏమిటో చెబుతాను వినండి.

పోలీసు చర్య తరువాత వచ్చిన మొదటి చలికాలం అది. మెదక్‌లోని మా బడి బోర్డు మీద ఉర్దూ అక్షరాల కింద తెలుగు అక్షరాలు కూడా వచ్చి ఇరుకుగా సర్దుకున్నాయి. అంతకుముందు దాకా సదర్ ముదర్రిస్ సాహెబుగా ఉన్న పెద్దమనిషి హెడ్మాస్టరు గారయ్యారు. పిలుపు మారింది గానీ కుర్చీ అదే, పాన్‌దాన్ అదే, దగ్గూ అదే. నా పరిస్థితి మరీ అధ్వాన్నం. ఉర్దూలో పాఠం చెప్పడానికి కిందామీదా పడి నేర్చుకున్నవాణ్ణి, ఇకమీదట తెలుగులో చెప్పమనేసరికి నల్లబల్ల ముందు తడబడేవాణ్ణి. సొంత భాషలో ఫెయిలైన పంతులు మా తాలూకాలో నేనొక్కణ్ణే అనుకుంటాను.

అలాంటి రోజుల్లో స్కూళ్ల కొత్త ఇన్‌స్పెక్టరు గారు జీపులో దిగారు. కృష్ణానదికి అవతలి మనిషి. ప్రతి మాట చివరా ఒక "అండీ" అతికించి మాట్లాడతారు.

"ఏమండీ మాస్టారూ, స్వాతంత్ర్యమంటే ఏమిటండీ? పిల్లవాడు తన వృత్తిని తనే ఎంచుకోవడమండీ. చూడకుండా ఎలా ఎంచుకుంటాడండీ? నాలుగు చోట్లకి తీసుకెళ్లి చూపించండి."

ఆయనకు ఉత్సాహముంది, మాకు ఉత్తర్వు ఉంది. ఉత్సాహం జీపులో వెళ్లిపోయింది. ఉత్తర్వు నా నెత్తిన మిగిలింది.

యాత్రకు ముందు ఏడో తరగతి పిల్లలను అడిగాను, ఎవరెవరు ఏమవుతారో చెప్పండిరా అని.

"జవాన్నయిత సార్."

"ఎందుకురా?"

"ఎవల్నన్న కొట్టచ్చు సార్."

ఇంకొకడు తహసీలు చప్రాసీ అవుతానన్నాడు. తహసీల్దారు ఎందుకు కాకూడదని అడిగితే నా తెలివితక్కువకు జాలిపడ్డాడు. "తలుపుకాడ ఉండేది చప్రాసీ గద సార్. ఆయన ఆగుమంటె పటేలు గూడ ఆగాలె." ఒకడు ఏకంగా "దొర" అన్నాడు. అది ఉద్యోగం కాదురా అంటే, మరి ఉద్యోగాలన్నీ ఆయన ఇంట్లోనే ఎందుకున్నాయని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి ఆ రోజుల్లో కొందరు తుపాకులు పట్టుకుని అడవుల్లో తిరుగుతున్నారు. నా దగ్గర చాక్‌పీసు మాత్రమే ఉంది.

చివరి వరుసలో ఒక చాకలివారి పిల్లవాడు. లెక్కల్లో చురుకు. మంజీర వైపు ఒక పల్లె వాళ్లది. మెదక్‌లో దవాఖాన దుప్పట్లు ఉతికే మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటున్నాడు. వాడు లేచి, "నేనేం గాను సార్. నన్ను దొడ్డికి తోలుతరు" అని కూర్చున్నాడు. వాన వస్తుంది అన్నంత మామూలుగా అన్నాడు.

దొడ్డి అంటే వాళ్ల పటేలు పశువుల దొడ్డి. సంగతేమిటో ఆ ఆదివారం వాళ్ల నాయన చెప్పాడు. నేను చర్చి నుంచి వచ్చేసరికి మా అరుగు కింద నిలబడి ఉన్నాడు. అరుగెక్కమంటే ఎక్కలేదు.

"పెద్దోడు తుపాకులు వట్టిన సంఘపోళ్లతోని అడవులకు వోయిండు సారూ. యాడున్నడో ఎరికలేదు. పటేలు ఏమంటడంటే, చిన్నోన్ని దొడ్డికి తోలు, లేకుంటె పెద్దోని సంగతి పోలీసు క్యాంపుల చెప్త అంటడు. వచ్చే అమాసకు తోలమన్నడు. అందుకే పిలగాన్ని తోల్కపోదామని వచ్చిన."

"కూలి ఇస్తడా?"

నా వంక వింతగా చూశాడు. "వెట్టి గద సారూ."

వెట్టి ఎప్పుడో రద్దయింది, కాగితం మీద. ఆ కాగితం వాళ్ల ఊరి దాకా నడిచి రాలేదు.

అప్పుడు నా బుర్రలో ఒక ఉపాయం మెరిసింది. ఎలాగూ యాత్ర తప్పదు. మంజీర మీద ఆనకట్ట ఉంది, ఓవర్సీరు ఉన్నాడు, కాలువ తూములు చూసే లష్కర్ల కొలువులున్నాయి. ఏడు చదివినవాడు లష్కరు కావచ్చని ఎవరో చెప్పగా విన్నాను. సర్కారు నౌకరు ఇంటి మీదికి వెట్టి రాదు కదా.

"పిలగాన్ని ఇప్పుడు తోల్కపోకు. మేము ఆనకట్టకు వస్తున్నం. నువ్వు గూడ ఆడికి రా. నీ కండ్లతోని సూడు, ఓవర్సీరు నోటితోని ఇను. అప్పుడు సెప్పు, దొడ్డా బడా."

"వస్త సారూ," అన్నాడు. "పటేలు ఊరు దాటనిస్తే."

ఇక్కడిదాకా నా పథకంలో లోపం లేదు. లోపం మా హెడ్మాస్టరు గారి మంచితనం వల్ల వచ్చింది. పిల్లలు నడిచి వెళ్తున్నారు, దారిలో దాహమేస్తుందని ఆయనకు దిగులు పుట్టింది. ఆనకట్ట దారిలోనే ఉన్న ఆ పిల్లవాడి ఊరి పటేలుకు, అటువైపు పోయే బండివాడితో కబురంపారు. "మెదక్ నుంచి సర్కారీ పార్టీ దౌరాకొస్తున్నది. జర నీళ్ల ఇంతెజాము, నీడ ఇంతెజాము చూడుమను." ఆయన నౌకరీ అంతటిలోనూ సర్కారు తాలూకు మనిషి ఊరు దాటితే దానికున్న పేరు దౌరా ఒక్కటే. పిల్లల విహారయాత్రకు వేరే మాట ఆ దఫ్తరులో పుట్టనే లేదు.

"అరే భాయ్, ఫికర్ జేయకుండ్రి. అంత బందోబస్తు జేసిన," అన్నారు నాతో, పాన్ నములుతూ.

పదిహేను మంది దాకా పిల్లలు, నేను, డ్రిల్లు మాస్టరు బయలుదేరాం. ఒక ఎడ్లబండిలో సద్దిమూటలు, ఆనకట్ట బంగళాలో పడుకోవడానికి నా పరుపుచుట్ట. డ్రిల్లు మాస్టరుది తూప్రాన్. పిల్లల్ని అటెన్షనులో నిలబెట్టేవాడే గానీ, ఆయన అటెన్షనంతా అన్నం మీదే. బండెక్కి కూర్చుని సగం దారిలోనే రెండు సద్దిమూటలు ఖాళీ చేశాడు. ఒకటి నాది.

ఊరి పొలిమేరలో డప్పులు వినిపించాయి. ఎవరిదో పెళ్లి ఊరేగింపు అనుకుని పిల్లల్ని పక్కకు నిలబెట్టి దారి ఇచ్చాను. డప్పులు మా ముందుకొచ్చి ఆగాయి. ఊరేగింపు మేమే.

కొత్త ఖద్దరు టోపీ పెట్టుకుని పటేలు ఎదురొచ్చాడు. మొన్నటిదాకా ఆ తలమీద ఎర్ర రూమీ టోపీ ఉండేదని మా పిల్లవాడే చెప్పాడు. "రాండ్రి, రాండ్రి. దొరలు చలిల వడి వచ్చిండ్రు." తాటాకు పందిరి, నాకో కుర్చీ, డ్రిల్లు మాస్టరుకు మంచం. వరుసగా ఊరి పనివాళ్లు. కుమ్మరి కొత్త కుండలతో, మంగలి నూనె గిన్నెతో. మంగలి నా కాళ్ల దగ్గర కూర్చుని "సాపుండ్రి దొరా, వత్తుత" అన్నాడు. నేను రెండు కాళ్లూ పైకి లాక్కుని కుర్చీలో బాసింపట్టు వేశాను. నేనేదో వ్రతంలో ఉన్నాననుకుని అతను దండం పెట్టాడు.

మా తాత ఇలాంటి ఊళ్లోనే ఇలాంటి దౌరాల ముందు డప్పు కొట్టినవాడు. మా నాయన చర్చి కట్టే రోజుల్లో రాళ్లు చెక్కే పనికి మెదక్ వచ్చి, అక్కడే ప్రభువునూ కూలినీ ఒకేసారి చూశాడు. కుర్చీలో కూర్చున్నవాడి తాత ఏ వాడవాడో తెలిసి ఉంటే పటేలు ఆ కుర్చీని ఏం చేసేవాడో నాకు బాగా తెలుసు. అందుకే ఆ కుర్చీ నాకు ముల్లులా గుచ్చుకుంది.

ఒక జీతగాడు కాళ్లు కట్టిన రెండు కోళ్లు తెచ్చి నా ముందు పెట్టాడు.

"కోళ్లు వద్దు పటేలా. మేము సద్ది తెచ్చుకున్నం," అన్నాను.

పటేలు ఒక్క క్షణం నన్ను తూచినట్టు చూసి, జీతగాడికి కనుసైగ చేశాడు. మేక వచ్చింది.

"అయ్యో, మేక గూడ వద్దు. ఏం వద్దు మాకు."

పటేలు ముఖం పాలిపోయింది. ఆ ఊళ్లో దౌరాకు వచ్చిన ఏ అధికారీ మొదటిసారే ఔననడు. వద్దంటాడు. వద్దంటే పెద్దది తెమ్మని అర్థం. దాన్నీ వద్దంటే, పీక కోయడానికే వచ్చాడని అర్థం. నన్ను పందిరి వెనక్కి తీసుకెళ్లి గొంతు తగ్గించాడు.

"సారూ, జర మనసులమాట చెప్పుండ్రి. నా మీద ఎవలన్న అర్జీ వెట్టిండ్రా?"

"అర్జీ లేదు, ఏం లేదు. మేము బడిపంతుళ్లం. పిలగాండ్లకు పనులు సూపియ్యనీకి తోల్కవోతున్నం."

"అవు, అవు," అని పటేలు పెద్దగా నవ్వాడు. "పోయినసారి వచ్చినాయన గూడ ఈతచెట్లు లెక్కవెట్ట వచ్చిన అన్నడు. మీరు పిలగాండ్లను వెంటేసుకోని వచ్చిండ్రు. మంచి ఉపాయమే."

నేను మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వృత్తులు, భవిష్యత్తు, స్వాతంత్ర్యం. చెప్పినకొద్దీ ఆయన ఆ ఖద్దరు టోపీని మరింత సర్దుకున్నాడు. నా జీవితంలో అంత స్పష్టంగా పాఠం చెప్పిందీ లేదు, అంత ఘోరంగా అర్థం చేసుకున్న విద్యార్థినీ చూడలేదు. జీతగాణ్ణి పిలిచి మళ్లీ ఏదో చెవిలో చెబుతుంటే డ్రిల్లు మాస్టరు మంచం మీది నుంచి లేచొచ్చి నా మోచేయి పట్టుకున్నాడు.

"సార్, మీరు వద్దన్నకొద్ది పెద్ద జంతువొస్తున్నది. ఇంకోపారి వద్దంటె ఎద్దును తెస్తడు. కోళ్లకాడనే ఒప్పుకుంటె ఒడుస్తుండె గద!"

ఆ మనిషి ఆకలితో అన్నమాటే అయినా, ఆ పూట అక్కడ వినిపించిన ఒకే ఒక తెలివైన మాట అది. "మంచిది, కోళ్లు సాలు," అన్నాను. కోళ్లు బండెక్కాయి. మేక బతుకుజీవుడా అని వెనక్కి పోయింది. పటేలు ముఖంలోకి రక్తం వచ్చింది.

అప్పుడు చూశాను. నా పరుపుచుట్ట బండిలో లేదు. ఒక మనిషి నెత్తిన ఉంది. బండిలో పెట్టుకున్నదాన్ని దింపించి మరీ మనిషి నెత్తికెత్తారు. సర్కారు మనిషి పరుపు ఎడ్లు లాగితే పటేలుకు అప్రతిష్ఠ. ఆ మోస్తున్న మనిషి మా పిల్లవాడి నాయన. పక్కన కడవతో, చంకలో పసిపాపతో ఉన్నది వాళ్లమ్మ.

పిల్లవాడు వరుసలోంచి వెళ్లి తండ్రి ఎదుట నిలబడ్డాడు.

"దూరం పో బిడ్డా," అన్నాడు తండ్రి మెల్లగా. "సార్లున్నరు."

పిల్లవాడు నా వంక చూశాడు. ఆ చూపులో కోపం కూడా లేదు. సార్లంటే ఇంతే కాబోలు అన్నట్టు చూశాడు. వృత్తి చూపిస్తానని పిలుచుకొచ్చి వాడికి వాళ్లింటి వెట్టే చూపించాను, అదీ నా పరుపుతో.

నేను దగ్గరికి వెళ్లి, "ఆనకట్టకు వస్తనన్నవు గద?" అని గొణిగాను.

"ఎట్ల వస్త సారూ? మీరు వచ్చిండ్రు గద," అన్నాడు. "మీ దౌరా ఒడిసేదాక సాకలోళ్లు ఊరు దాటద్దన్నడు పటేలు. మీరు దాటినంక గిన్నెలు, బిందెలు తోమాలె."

అంటే అతను యాత్రకు రాలేకపోవడానికి కారణం యాత్రే. అమావాస్య ఎంతో దూరంలో లేదు. ఓవర్సీరు మాట వినకుండా ఇతను ఇక్కడే ఉండిపోతే, పిల్లవాణ్ణి నా కళ్లముందే దొడ్డికి అప్పజెప్పి ఖాళీ చేతులతో పోవడమే. నాకు ఏడుపూ నవ్వూ ఒకేచోట అడ్డం పడ్డాయి. ఇన్‌స్పెక్టరు గారి స్వాతంత్ర్యాన్నీ, హెడ్మాస్టరు గారి ఇంతెజామునూ మనసులో తిట్టగలిగినంత తిట్టాను. తిట్లయిపోయాక ఇక మిగిలింది ఒక్కటే దారి. పటేలు దగ్గరికి వెళ్లి, ఏమీ వద్దని అంతసేపు మొత్తుకున్న నోటితోనే అన్నాను.

"పటేలా, సామాను మొయ్యనీకి మనిషి కావాలె. ఆనకట్ట దాకా. ఆ సాకలాయన్ను పంపు."

పక్కనే మా బండి సగం ఖాళీగా ఉంది. ఎడ్లు నెమరు వేస్తున్నాయి. పటేలుకు అందులో వింతేమీ కనిపించలేదు. పొద్దుటి నుంచి అర్థంకాని భాష మాట్లాడుతున్నవాడు హఠాత్తుగా ఆయన భాషలోకి వచ్చినట్టు మొహం విప్పారింది.

"గిది ముందే అనచ్చు గద సారూ! ఒక్కడేంది, ఇంకెవలు కావాలె?"

డ్రిల్లు మాస్టరు ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. దారిలో కోడికూర వండే మనిషి కావాలనుకున్నాడని నా అనుమానం. "పిలగాండ్లకు నీళ్లు మొయ్యనీకి ఆడామె గూడ కావాలె," అన్నాడు గట్టిగా.

"తోల్కపోండ్రి, ఇద్దర్ని తోల్కపోండ్రి. ఆనకట్ట దాకేంది, మెదక్ దాకా తోల్కపోండ్రి. దౌరా ఒడిసినంక పంపుండ్రి," అని ఊరందరూ వినేలా పటేలు హుకుం వేశాడు.

డప్పులు ముందు, మేము వెనక. పొలిమేర దాటాక పరుపు బండిలో వేయమని బతిమాలాను. "పొలాలల్ల మనుషులున్నరు సారూ. సూసి చెప్తె నా మీదికొస్తది," అని అతను ఒప్పుకోలేదు. కొంత దూరం పోయాక పిల్లవాడే ఆ చుట్టను తండ్రి నెత్తి మీద నుంచి తీసుకుని బండిలో పడేసి, పక్కన కోళ్లకు ఎండ తగలకుండా దాన్ని జరిపాడు.

ఆనకట్ట దగ్గర ఓవర్సీరు లేడు. మా డప్పులు విని, తన మీదికి విచారణ వస్తోందని అనుకుని నీళ్లకు అవతలి గట్టుకు పోయాడట. ఇవతల నుంచి నేను, అవతల నుంచి ఆయన, మధ్యలో నీళ్లు దూకుతున్న హోరు. "మేము బడోళ్లం!" అని గొంతు చించుకున్నాను. ఆ రోజుకి ఆ మాట ఎన్నిసార్లు అన్నానో, చివరికి నాకే అనుమానమొచ్చింది. లష్కరు ఒకడు వెళ్లి నచ్చజెప్పి తీసుకొచ్చేసరికి పొద్దు వాలింది. ఓవర్సీరు కోటు గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకుని వచ్చాడు.

మనిషి మంచివాడే. తూములు చూపించాడు, తలుపులు ఎత్తి దించి చూపించాడు, నీళ్లు ఏ కాలువకు ఎంత పోతాయో చెప్పాడు. మా పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే. "ఈ చేపలు ఎవలివి సార్?"

నేను అసలు విషయానికి వచ్చాను. "ఏడు చదివిన పిలగానికి లష్కరు నౌకరీ దొరుకుతదా?"

"దొరుకుతది, ఎందుకు దొరకదు? సర్కారీ నౌకరీ," అన్నాడు ఓవర్సీరు. నా ప్రాణం లేచొచ్చింది. "ఆ ఊరి పటేలు పేరు చెప్పి పంపాలె, గంతే. ఆయన పంపినోళ్లనే వెట్టుకుంటం."

నా పథకం ఆనకట్ట మీద నుంచి జారి మంజీరలో పడింది. చప్పుడు కూడా వినిపించలేదు.

అందరం గట్టు మీద కూర్చున్నాం. డ్రిల్లు మాస్టరు గుండ్రాయికి ఆనుకుని గురక పెడుతున్నాడు. పిల్లవాడి నాయన కొంతసేపు నీళ్ల వంక చూసి, "ఇది గాదు సారూ. ఇంకేమేం పనులున్నయి, చెప్పుండ్రి," అన్నాడు.

తపాలా మనిషి గురించి చెప్పాను.

"పటేలు పిలిస్తె పోవాల్నా?"

ఊళ్లోకి వెళ్తే, పటేలు కూర్చోమంటే కూర్చోవలసిందే. కాదనలేకపోయాను. పట్వారీ గురించి చెప్పబోయి నేనే మానేశాను, పట్వారీ పటేలు పక్కనే కూర్చుంటాడు. జవాను, చప్రాసీ, జమాదారు. ప్రతిదానికీ అతనిది అదే ప్రశ్న. జీతమెంత అని అడగలేదు, చదువెంత అని అడగలేదు. ఇన్‌స్పెక్టరు గారు జీపులో తెచ్చిన వృత్తి పరిచయమంతా ఆ ఒక్క ప్రశ్న ముందు ఒక్కొక్కటిగా రాలిపోయింది.

"మీ పని సారూ? పంతులు పని? పటేలు పిలిస్తె పోవాల్నా?"

పొద్దున పటేలు కుర్చీ వేస్తే కూర్చున్నవాణ్ణి, ఏం చెప్పను? దగ్గాను. హెడ్మాస్టరు గారి దగ్గు నాకెప్పుడు అంటిందో అప్పుడే తెలిసింది.

అంతదాకా మాట్లాడని ఆమె, పిల్లవాడి తల్లి, పాపను ఒళ్లో సర్దుకుంటూ భర్తతో అంది. "మా వదినె దవాఖాన బట్టలుతుకుతది గద. ఆమెను ఎవలు పిలుస్తరు?"

అతను నా వంక తిరిగాడు.

"నెలకొకసారి పిలుస్తరు. జీతానికి," అన్నాను.

అతను తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "పని గదే గద," అన్నాడు. "మాకు రానిదేం గాదు."

"ఆడ ఇంక మనుషులు కావాలంటున్నరు. క్యాంపుల గాయపడ్డోళ్లు వచ్చి దవాఖాన నిండిపోయింది. మీ అక్కనే అడుగుతె సెప్తది," అన్నాను. తరువాత నాకు భయమేసింది. "కని ఊర్ల మీ ఇల్లు? సామాను?"

ఆమె నవ్వింది. ఆ రోజంతటిలో భయం లేకుండా నవ్విన మొదటి మనిషి ఆమె. "ఇంట్ల ఏమున్నది సారూ? రెండు కోళ్లుండె. అవి మీకేనని పొద్దుగాల్నే పట్టుకపోయిండ్రు. గిప్పుడు మీ బండిలనే ఉన్నయి."

నేను ఉలిక్కిపడి బండి వైపు చూశాను, డ్రిల్లు మాస్టరు వైపు చూశాను. దేవుడి దయవల్ల ఆయనింకా నిద్రలోనే ఉన్నాడు. కోళ్లు భద్రంగా ఉన్నాయి. లేచాక ఆయనకు సంగతి చెప్పాను. పెద్ద నిట్టూర్పు విడిచి, ఆ పూట రొట్టె, పచ్చిమిరపకాయ తిన్నాడు. నేను చూసిన త్యాగాల్లో అదొకటి.

"పటేలు ఊకుంటడా? పెద్దోని సంగతి క్యాంపుల చెప్తె?" అన్నాను నేనే, గుబులాపుకోలేక.

"ఏమని చెప్తడు సారూ?" అన్నాడతను. "ఊరందరి ముంగట తనే తోలిండు. సర్కారు దౌరాకు తోలిన మనిషి పారిపోయిండని ఏ నోటితోని చెప్తడు?" ఇంతసేపూ నేను పాఠం చెబుతున్నాననుకుంటే, ఆయన అప్పుడే పరీక్ష రాసేసి కూర్చున్నాడు.

మరునాడు కాలువ గట్టు పట్టుకుని నేరుగా మెదక్ వచ్చేశాం, ఆ ఊరి ముఖం చూడకుండా. బడి వరండాలో హెడ్మాస్టరు గారు ఎదురొచ్చి, బండి వెనక దిగుతున్న మొగుణ్ణీ పెళ్లాన్నీ పాపనూ కోళ్లనూ చూసి కళ్లద్దాలు సర్దుకున్నారు.

"గీళ్లెవరు?"

"దౌరా సామాను సాబ్," అన్నాడు డ్రిల్లు మాస్టరు.

నేను మొత్తం చెప్పాను. చెబుతూ గొంతు పెంచాను కూడా. మీ నీళ్ల ఇంతెజాము వల్ల ఏం జరిగిందో చూడండని, దౌరా అన్న ఒక్క మాటతో ఊరంతా బయట నిలబడిందని. ఆయన అంతా విని, పాన్ ఉమ్మి, "హూఁ," అన్నారు. అంతే. ఇంత తిరిగి వచ్చినవాడికి "హూఁ" దక్కింది. చీదరతో ఇంటికెళ్లి పడుకున్నాను, ఆ పరుపు విప్పకుండానే.

వారం తిరక్కుండా పటేలు జీతగాడు బడికి వచ్చాడు. "దౌరా ఒడిసినంక సాకలోళ్లను తోలమన్నడు పటేలు. ఇంక రాకపాయిరి. ఎందుకు రాలేదో అడగమన్నడు." హెడ్మాస్టరు గారు తల కూడా ఎత్తలేదు.

"దౌరా ఇంక ఖతం గాలేదని చెప్పు," అన్నారు.

వాడు వెళ్లిపోయాడు. కొన్నాళ్లకు మళ్లీ వచ్చాడు. మళ్లీ అదే జవాబు. ఈలోగా అమావాస్య వచ్చి వెళ్లింది. పిల్లవాడు చివరి వరుసలోనే ఉన్నాడు. పొద్దున్నే వాళ్ల నాయన దవాఖాన వెనక తాళ్ల మీద దుప్పట్లు ఆరేస్తుంటే, బడికి వచ్చే దారిలో వాడు రెండు కొసలు పట్టుకుని విదిలించి మరీ వచ్చేవాడు.

తరువాత ఇన్‌స్పెక్టరు గారు మళ్లీ జీపులో దిగారు. యాత్రా ఫలితం చూడాలన్నారు. పిల్లల్ని నిలబెట్టి, ఏ వృత్తి నచ్చిందో చెప్పమన్నారు. మొదటివాడు "డ్రిల్లు సార్" అన్నాడు. రెండోవాడూ అదే అన్నాడు. ఎందుకురా అంటే, "అందరు నడుస్తుంటె ఆయన బండిల వచ్చిండు సార్. మంచమేసిండ్రు సార్." తరగతి తరగతంతా డ్రిల్లు సారే కావాలంది. నేను కిటికీలోంచి బయటకు చూస్తూ నిలబడ్డాను.

చాకలివారి పిల్లవాడి వంతు వచ్చింది.

"నువ్వేమవుతావు బాబూ?"

"ఇంక ఆలోచించుకోవాలె సార్."

ఇన్‌స్పెక్టరు గారు నిరుత్సాహపడ్డారు. "ఏమండీ మాస్టారూ, ఇంత శ్రమపడి తిప్పినా ఇతనికి ఏ నిర్ణయమూ కలగలేదేమండీ?" అన్నారు. వాడి తండ్రి, తాత, ముత్తాతల్లో ఆ మాట అనే తీరిక దొరికినవాడు లేడని ఆయనకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. తెలుగులో నేను అప్పటికింకా బలహీనుణ్ణే. "ఒకరిద్దరికి ఉద్యోగం దొరికింది సార్," అని మాత్రం అన్నాను. "ఏ తరగతండీ?" అన్నారు. "తరగతిలో లేరు సార్."

ఆయన ఇంకేదో అడగబోతుండగా గేటు దగ్గర పటేలు జీతగాడు కనిపించాడు. ఈసారి వాడి గొంతు గట్టిగా ఉంది. "పటేలు కోపానికొచ్చిండు. దౌరా ఎప్పుడొడుస్తదో పక్కా చెప్పుమన్నడు."

"ఏ దౌరా అండీ?" అన్నారు ఇన్‌స్పెక్టరు గారు.

హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచారు. ఆయన లేవడం అరుదు. ఇన్‌స్పెక్టరు గారినీ, ఆయన జీపునూ, జీపు ముందు కొత్త జెండానూ చేత్తో చూపిస్తూ జీతగాడితో అన్నారు. "ఈ సాబ్ వేసిన దౌరా అది. సాబ్ ఈన్నే ఉన్నడు. ఖతం అని ఆయన అనాలె. అడుగుతవా?"

జీతగాడు జీపును చూశాడు. జెండాను చూశాడు. నేలకు వంగి సలాం చేసి, వెనక్కి వెనక్కి నడిచి గేటు దాటాడు. మళ్లీ రాలేదు. ఇన్‌స్పెక్టరు గారు ఆ సలాం తన జీపుకే అనుకుని సంతోషించారు.

ఆ తరువాత పటేళ్ల రోజులూ పలచబడ్డాయి. పెద్దకొడుకు కూడా ఎప్పటికో బతికి ఇల్లు చేరాడు. చిన్నవాడు చదువు పూర్తయ్యేదాకా ఆలోచించుకున్నాడు, ఆ తరువాతా కొన్నాళ్లు ఆలోచించుకున్నాడు. వాణ్ణి ఎవరూ తొందరపెట్టలేదు. ఇన్‌స్పెక్టరు గారికి బదిలీ అయింది, హెడ్మాస్టరు గారు రిటైరయ్యారు, నేనూ అయ్యాను. ఆ దౌరా ఖతమైందని మాత్రం మాలో ఎవరమూ ఉత్తర్వు ఇవ్వలేదు. మా బడి తరఫున ఆ కుటుంబం ఈనాటికీ సర్కారు పని మీదే ఊరు దాటి ఉంది.